ఊరి అభిమానము – పౌరధర్మము



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలుచుట సామాన్య విషయము కాదు. భవనమునకు విరాళము లిచ్చువారు ఏ కాలమునందైనను దొరకుదురు. ప్రారంభోత్సవమునకు జనము వచ్చును. కాని ఆ మరునాడు తలుపు తెరచుటకు, పత్రికలు బల్లపై పరచుటకు, చెదలు పట్టకుండ బీరువాలు దులుపుటకు, తీసికొనిపోయిన పుస్తకమును తిరిగి తెప్పించుటకు ఒకరు కావలెను. ఆ ఒకరు తొమ్మిదివేల దినములు తప్పక కావలెను. రజతోత్సవ మనగా ఆ తొమ్మిదివేల దినముల లెక్కయే. ఊరి అభిమానమును గూర్చి ముచ్చటించుటకు ఇంతకన్న తగిన స్థలము లేదు. ఏలయన ఊరిపై అభిమానము గూడ ఇట్టిదే. ఉత్సవదినమున అది అందరియందును కనబడును. దాని పరీక్ష మాత్రము తక్కిన దినములలో జరుగును.

సిద్దిపేట వారికి తమ ఊరిపై అభిమానము మెండు. దానికి కారణములును గలవు. హైదరాబాదునకు ఉత్తరముగా సుమారు నూరు కిలోమీటర్ల దూరమున, కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిపై నున్న ఈ పట్టణమున 1952లో పురపాలక సంఘ మేర్పడెను. చిరకాలము మెదకు జిల్లాలో నొక తాలూకా కేంద్రముగా నుండి, 2016 అక్టోబరు 11న, విజయదశమినాడు, ఇది ప్రత్యేక జిల్లాకు కేంద్రమయ్యెను. రైలుకూత వినుటకు మాత్రము 2023 అక్టోబరు 3వ తేదీ దాక వేచియుండవలసి వచ్చెను. ఇచ్చటి మగ్గములపై పుట్టిన గొల్లభామ చీరకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించెను. ఇచ్చటి కాపు రాజయ్య బోనములను, బతుకమ్మను, కాయకష్టము చేసికొను పల్లెజనులను తన కుంచెతో దేశమునకు చూపి 2012లో కీర్తిశేషుడయ్యెను. పద్యమున వేముగంటి నరసింహాచార్యులు, వచనకవితయందును పాటయందును నందిని సిధారెడ్డి ఈ ప్రాంతమునకు పేరు తెచ్చిరి. జిల్లా ఏర్పడినపుడు చేర్యాల ఇందు చేరుటచే నకాషీ చిత్రకారుల పటములు గూడ ఈ జిల్లా సంపద యయ్యెను.

ఇన్ని గల ఊరివారు తలయెత్తుకొని నడచుటలో తప్పు లేదు. అయినను ఒక ప్రశ్న మిగులును. పైని పేర్కొన్నవానిలో నేడు నల్లాకడ నీళ్లు పట్టుకొను ఇల్లాలు, చెత్తబండి వచ్చువేళకు నిద్ర లేవని యువకుడు, దుకాణము ముందరి మోరీలోనికి ఊడ్చివేయు వర్తకుడు సంపాదించిన దేది? పూర్వులును, కళాకారులును, ప్రభుత్వములును ఇచ్చినదానిని చెప్పుకొనుట గర్వమగును. అందుకు తమ పాలు చేర్చుట అభిమాన మగును. ఈ రెంటికి నడుమ నున్న దూరమును కొలుచుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ఈ భేదమును తెలంగాణమున తొలుత స్పష్టముగా చూపినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. తెలంగాణమున కవులు లేరని ఒక పండితుడు వ్రాసినపుడు నొచ్చుకొనినవా రనేకులు. ఆ నొప్పికి బదులుగా దూషణ వ్యాసములు వ్రాయవచ్చును. సభలుచేసి తీర్మానములు కావింపవచ్చును. ప్రతాపరెడ్డిగా రట్లు చేయలేదు. ఊరూరికి జాబులు వ్రాసి, పద్యములు తెప్పించి, మూడువందల యేబదినలుగురు కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఎవని కవితయైనను, వాని ఊరుతో సహా, అచ్చులో నిలిచెను. ఆక్షేపించినవానికి ఇక మాట లేకపోయెను. అభిమానము పనిగా మారినపు డెట్లుండునో ఆ సంచిక సాక్ష్యమిచ్చుచున్నది. దానికి నాలుగేండ్లు ముందు, 1930లో, నాటి మెదకు జిల్లాయందలి జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు ఆయనయే అధ్యక్షుడు. సభ జరుపుకొనవలెనన్న అనుమతికై తిరుగవలసిన నిజాము పాలన అది. గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వు సభలపై కత్తివలె వ్రేలాడుచుండెను. అట్టి దినములలో గ్రంథాలయమే సభాస్థలము, గ్రంథాలయమే పాఠశాల. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. వాని వెలుగు మెల్లమెల్లగా పల్లెలకు ప్రాకెను. నేటి ఈ గ్రంథాలయ మా దీపముల వరుసలో నొక దీపము.

ఇక ఊరి సంగతులు. మొదటిది నీరు.

ఈ ప్రాంతము మెట్ట. నది లేదు. వాన కురిసిననాడు చెరువు, కురియనినాడు ఎండిన బావి. బిందెలు వరుసలో పెట్టి బోరింగుకడ ఆడువారు తెల్లవారుజామున నిలిచిన దినములు నడివయసు వారికందరికిని జ్ఞాపకమే. అట్టి స్థితిలో 1990ల దశకమున కరీంనగరము కడనున్న దిగువ మానేరు జలాశయమునుండి గొట్టములద్వారా సిద్దిపేటకును చుట్టుపట్ల పల్లెలకును త్రాగునీరు తెచ్చు పథకము మొదలయ్యెను. ఆ పథకము విజయవంతమగుటచే తరువాత రాష్ట్రమంతటికిని మిషన్ భగీరథ యను పేర అదే పద్ధతిని అనుసరించిరి. 2016 ఆగస్టు 7న దేశ ప్రధానమంత్రి దానిని ప్రారంభించిన కోమటిబండ గ్రామము గూడ నేటి సిద్దిపేట జిల్లాలోనిదే. పల్లెలో మనిషికి దినమునకు నూరు లీటర్లు, పురపాలక పట్టణములో నూటముప్పదియైదు లీటర్లు ఇయ్యవలెనని ఆ పథకపు లక్ష్యము. ఒక ఊరి దాహము తీర్చిన ఉపాయము రాష్ట్రమునకు ఆదర్శమగుట నిజముగా గర్వకారణము.

అయితే నల్లా వచ్చినపిమ్మట పౌరునికి పని తీరలేదు; పని మారినది. పూర్వము నీరు తెచ్చుకొనుట కష్టము. ఇపుడు నీరు పంచుకొనుట ధర్మము. నల్లాగొట్టమునకు విద్యుత్ మోటారు బిగించి నీరు లాగుకొనువాడు తన ఇంటి తొట్టిని నింపుకొనును. వీధి చివరి ఇంటివానికి గాలి మాత్రమే వచ్చును. ఆ చివరి ఇల్లు తరచుగా బీదవాని ఇల్లే యగును. చెలువు లేని నల్లానుండి రేయింబవళ్లు కారు నీరు మోరీలో చేరి దోమలకు నెలవగును. ఇందులో ప్రభుత్వము చేయవలసినది కొంత గలదు. కాని మోటారు బిగించినవాడు ప్రభుత్వము కాడు, పొరుగువాడే. పొరుగువానితో మాటలాడుటకు వెనుదీయు ఊరు ఎంత గొప్ప పథకమునైనను నిలుపుకొనజాలదు.

రెండవది చెరువు.

కాకతీయుల కాలమునుండి తెలంగాణమున ఊరనగా చెరువు, చెరువనగా ఊరు. చెరువు త్రవ్వించినవానికి దశబంధమను మాన్యము నిచ్చి, కట్టను బాగు చేయించు బాధ్యతయు అతనిపైననే ఉంచిరి. అనగా చెరువు నిర్మించుట పుణ్యము, పోషించుట ఒప్పందము. తూము తెరచుటకు నీరటివాడు. అతనికి కళ్లముకడ ఊరివారందరు గింజలు కొలిచి ఇచ్చువారు. పై చెరువు అలుగు పారినచో క్రింది చెరువు నిండునట్లు గొలుసుకట్టుగా వానిని కూర్చిరి. ఇంజనీరు లేని కాలమున ఇంత పొందిక యెట్లు నిలిచెను? ప్రతివాని పని ప్రతివానికి తెలియుటచేత.

ఈ పొందిక చెదరినపిమ్మట చెరువులు పూడినవి. 2015లో మిషన్ కాకతీయ యను పేర రాష్ట్రమందలి 46,531 చెరువులను బాగుచేయు సంకల్పముతో పూడికతీత మొదలయ్యెను. సిద్దిపేట కోమటిచెరువు గూడ కట్ట వెడల్పు చేయబడి, నడకబాటలతో, దీపములతో సుందరముగా తీర్చబడెను. బతుకమ్మ పండుగనాడు ఆ కట్టపై పూలకొండలు నడచినట్లుండును. సాయంకాలము పిల్లలు, ముసలివారు గాలికై అచటికి చేరుదురు. ఇది మంచి పని. కాని చెరువుయొక్క ప్రాణము కట్టమీద లేదు. అది ఎగువనున్న వాగులోను, నీరు వచ్చు కాలువలోను, శిఖము భూమిలోను, దిగువనున్న అలుగులోను గలదు. ఎగువ కాలువపై ఇండ్లు లేచినచో చెరువునకు నీరు రాదు. వచ్చిన నీరు ఇండ్లలో జొరబడును. శిఖములో మట్టి పోసినచో చెరువు చిన్నదగును. మోరీనీరు కలిసినచో దీపముల వెలుగులో దుర్గంధమే మిగులును. కట్టపై షికారు చేయు పౌరునికి ఈ నాలుగు స్థలములు ఎచట గలవో తెలియవలెను. అది తెలియనివానికి చెరువు ఒక చిత్రపటము మాత్రమే.

ఈ విషయమున పట్టణములకు పాఠము చెప్పగల పల్లె యొకటి ఈ జిల్లాలో గలదు. నారాయణరావుపేట మండలమందలి ఇబ్రహీంపూర్ గ్రామస్థులు ఇండ్లయొద్ద ఇంకుడుగుంతలు త్రవ్వుకొని, వాడిన నీటిని వీధిలోనికి పోనీయక నేలలోనికే ఇంకించిరి. మోరీ అవసరమే తగ్గెను. ఇంకుడుగుంత త్రవ్వుటకు గొప్ప విద్య అక్కరలేదు. కొలత ప్రకారము గొయ్యి, రాళ్లు, కంకర, ఇసుక. అక్కరయైనది ఒక్కటే – వీధిలోని ప్రతి ఇల్లు ఒప్పుకొనుట. తొంబదియింటివారు త్రవ్వి పదియింటివారు త్రవ్వనిచో ఆ పదియింటి నీరే వీధిని బురద చేయును. పౌరధర్మమున మెజారిటీ చాలదు, అందరును కావలెను.

మూడవది చెప్పుటకు కొంత కఠినమైనది. అయినను చెప్పక తప్పదు.

గోదావరి నీటిని మెట్టభూములకు తెచ్చు కాళేశ్వరము పథకములో సిద్దిపేట జిల్లాకు పెద్ద స్థానము గలదు. పట్టణమునకు దగ్గరగా చంద్లాపూరు కడ మూడు టీఎంసీల రంగనాయకసాగరమున 2020 ఏప్రిల్ 24న నీరు విడువబడెను. ఆ యేడే పదునైదు టీఎంసీల కొండపోచమ్మసాగరము, 2022 ఫిబ్రవరి 23న యేబది టీఎంసీల మల్లన్నసాగరము ప్రారంభమైనవి. ఎన్నడు చూడని నీటిని చూచుటకు జనము బండ్లు కట్టుకొని వెళ్లిరి. గట్టుపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనిరి.

ఆ నీటి అడుగున ఊళ్లు గలవు. ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్ మున్నగు గ్రామములు మల్లన్నసాగరమునకు తమ్ము తాము అప్పగించుకొనినవి. ఇష్టముతో అప్పగించినవా రందరును కారు. వేములఘాట్ ప్రజలు దీర్ఘకాలము రిలే నిరాహారదీక్షలు సల్పిరి. పరిహారమును గూర్చిన వివాదములు న్యాయస్థానముల దాక వెళ్లినవి. తుదకు జనులు గజ్వేలు కడ ముట్రాజుపల్లిలో కట్టిన పునరావాస కాలనీకి చేరిరి. ఇల్లు దొరకినది, వీధి దొరకినది. కాని ఊరనగా ఇండ్ల వరుస కాదు. పోచమ్మ గుడి, రచ్చబండ, తాతల సమాధులు, బడిముందరి వేపచెట్టు, ఎవరి పొలము గట్టు ఎవరిదో తెలిసిన పొరుగు – ఇవి యన్నియు కలిసిననే ఊరు. ఇవి పరిహారపు పట్టికలో వ్రాయుటకు వీలుకానివి.

సిద్దిపేట నివాసి తన ఊరి అభిమానమును గూర్చి పలుకునపు డీ మాట మరువరాదు. ఊరి అభిమానము గొప్ప గుణమైనచో, వేములఘాట్ వారికిని అది యుండెను. వారి అభిమానమునకు నిలుచుటకు నేల లేకపోయెను. ఒక ఊరి నీరు మరియొక ఊరి కన్నీరు కారాదనుట సులభము. అయిపోయినపిమ్మట చేయదగిన దేమి? పునరావాస గ్రామముల కష్టములను తమ కష్టములుగా ఎంచి అధికారులకు విన్నవించుట. అచటి పిల్లలు పట్టణపు బడికి వచ్చినపుడు ముంపువారని వేరుచేసి పిలువకుండుట. మునిగిన ఊళ్ల కథలను ఆ ఊళ్ల ముసలివారు బ్రతికియుండగనే వ్రాయించి గ్రంథాలయములలో దాచుట. వీనిలో నేదియు కోటిరూపాయల పని కాదు.

ఇందుకు తోడుగా 2023 అక్టోబరు 21న మేడిగడ్డ ఆనకట్ట స్తంభములు కుంగిన సంగతి లోకవిదితము. దానిని గూర్చి పక్షములు తమతమ వాదములు చేసినవి; చేయుచున్నవి. సామాన్య పౌరుడు గ్రహింపవలసిన దొక్కటి గలదు. దూరపు నది యెంత గొప్పదైనను ఊరి చెరువును విడువరాదు. పెద్ద కాలువ ఆగిననాడు ఆదుకొనునది చిన్న చెరువే.

నాలుగవది శుభ్రత.

ఈ విషయమున సిద్దిపేట పేరు రాష్ట్రపు టెల్లలు దాటినది. తడిచెత్త, పొడిచెత్త, హానికరమైన చెత్త వేరువేరుగా ఇంటికడనే ఇచ్చు పద్ధతి ఇచట నాటుకొనెను. తడిచెత్తనుండి వాయు ఇంధనము తీయు కర్మాగారము బుస్సాపూర్ కడ నెలకొల్పబడెను. చెత్తను గూర్చి పాఠములు చెప్పు స్వచ్ఛబడి యొకటి వెలసెను. ఇతర పట్టణములవారు వచ్చి చూచిపోవుచుందురు. పెండ్లిండ్లకు ప్లాస్టికు విస్తళ్లు, గ్లాసులు వాడకుండ ఉక్కు పాత్రలు అద్దెకిచ్చు స్టీలు బ్యాంకు ఏర్పాటయ్యెను. స్టీలు బ్యాంకు అను పేరు క్రొత్తది గాని పద్ధతి పాతదే. పూర్వము ఊరి గుడిలో పెద్ద గుండిగలు, గంగాళము లుండెడివి. ఏ ఇంట శుభకార్యమైనను తీసికొనిపోయి, తోమి తిరిగి ఇచ్చువారు. మరచిన మర్యాదను పురపాలక సంఘము గుర్తు చేసెను.

బహుమానములు వచ్చినవి, ఫలకములు గోడనెక్కినవి. ఇచటనే యొక ప్రమాదము పొంచియున్నది. బహుమానపు పరీక్ష జరుగునపుడు వీధి మెరయును. పరీక్షకులు పోయినపిమ్మట మెరయునా? చెత్త వేరుచేయుట ఇల్లాలి పనియని, తీసికొనిపోవుట పారిశుధ్య కార్మికుని పనియని, ఫలకముతో ఛాయాచిత్రము తీయించుకొనుట మాత్రము తమ పనియని తలచువారు ప్రతి పట్టణమునను గలరు. తెల్లవారకముందే చీపురు పట్టు కార్మికురాలి పేరు ఆ వీధివారిలో ఎందరికి తెలియును? ఆమెకు చేతితొడుగులు, కాలిజోడులు, సకాలమున జీతము, జబ్బు చేసిన చికిత్స అందుచున్నవా యని విచారించిన వా రెందరు? గాజుపెంకును కాగితమున చుట్టి వేరుగా ఇయ్యక తడిచెత్తలో కలిపిన ఇంటివాని వలన తెగునది ఆమె చేయి. పట్టణపు కీర్తి యెవరి చేతులపై నిలిచినదో ఆ చేతులను గౌరవించుటయే మొదటి బహుమానము కావలెను.

అయిదవది చేనేత.

గొల్లభామ చీరలోని బొమ్మ అచ్చువేసినది కాదు. తలపై కుండ నిడుకొనిన ఆ గొల్లపడుచును నేతలోనే, పోగు పోగుగా, రంగుదారములు చొప్పించి తీర్తురు. అందుచే పని మెల్లగా సాగును, వెల హెచ్చును. మరమగ్గముపై నేసిన నకలు సగము వెలకే దొరకును. ఊరి గొప్ప చెప్పుకొనునపుడు గొల్లభామ చీర పేరు నాలుక చివర నుండును. పండుగకు బట్టలు కొనునపుడు ఆ పేరు జ్ఞాపకము రాదు. నేతకాని బిడ్డ తండ్రి మగ్గమునెక్క నిష్టపడకున్నచో ఆ బిడ్డను తప్పుపట్టరాదు; కూలి గిట్టనిపనిని కళపేర చేయుమనుట న్యాయము కాదు. అయితే ఊరిలోని ప్రతి ఇల్లు సంవత్సరమునకొక చేనేత వస్త్రమును కొనునెడల, ప్రతి సన్మాన సభలో యంత్రపు శాలువకు మారుగ స్థానిక వస్త్రమును కప్పునెడల, మగ్గము చప్పుడు ఆగదు. సన్మానములకు కొదువ లేని ప్రాంతమిది. ఈ ఒక్క నియమము చాలును.

ఇంతవరకు చెప్పినవన్నియు విని ఒకరు అడుగవచ్చును: "ఊరి లోపములను పదిమందిలో చెప్పుట ఊరికి అప్రతిష్ఠ కాదా?" ఈ ప్రశ్న తరచు వినబడునదే. తల్లికి జ్వరము వచ్చినపుడు వైద్యునితో చెప్పుట తల్లికి అప్రతిష్ఠయని యెవడును తలపడు. దాచినవాడే దోషి. అయితే చెప్పుటలోను ఒక మర్యాద గలదు. చూచినదానిని చెప్పవలెను, విన్నదానిని విచారించి చెప్పవలెను. వ్యక్తిని దూషింపక పనిని విమర్శింపవలెను. ప్రతి మోరీకిని ఒక పక్షపు రంగు పులిమి, తన పక్షమువాడు త్రవ్వినచో మెచ్చి, ఎదుటి పక్షమువాడు త్రవ్వినచో తెగడువాని మాట యెవరికిని ఉపకరింపదు. దోమకు పక్షభేదము లేదు.

విమర్శించుటకు చట్టము దారులు చూపినది. 2018 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామసభ కనీసము రెండు నెలలకొకసారి జరుగవలెను. 2019 పురపాలక చట్టము ప్రతి వార్డునకును యువకులు, స్త్రీలు, వృద్ధులు, ప్రముఖ పౌరులు అని కమిటీల నేర్పరచినది. బడ్జెటులో పదియవ వంతు పచ్చదనమునకు కేటాయింపవలెనని, నాటిన మొక్కలలో నూటికి ఎనుబదియైదు బ్రతుకవలెనని విధించినది. 2005 సమాచారహక్కు చట్టము క్రింద అడిగిన సమాచారమును సామాన్యముగా ముప్పది దినములలో ఇయ్యవలెను. ఇన్ని తలుపులు తెరచియుండగా, గ్రామసభకు పోక, కమిటీలో కూర్చుండక, టీకొట్టుకడ నిలిచి "ఈ ఊరు బాగుపడదు" అనువాడు ఊరిని గూర్చి కాదు, తనను గూర్చియే సాక్ష్యమిచ్చుచున్నాడు. అధికారమున నున్నవారును ఒకటి గ్రహింపవలెను. లెక్క అడిగిన పౌరుడు శత్రువు కాడు. లెక్క అడుగు జనములేని ఊరిలో మంచి పని చేసినవానికిని మెప్పు దొరకదు. ఏలయన మంచిచెడ్డలు తెలిసినవాడే అచట నుండడు.

పన్ను మాట గూడ చెప్పవలెను. ఇంటిపన్ను చెల్లింపక వీధిదీపము వెలుగలేదని వాదించుట, చందా కట్టక గ్రంథాలయములో క్రొత్త పుస్తకములు లేవని వాదించుటవంటిది. అటులే పన్ను చెల్లించినవానికి ఆ రూపాయి ఎచటికి పోయినదో తెలిసికొను హక్కు గలదు. గ్రంథాలయముల మాటయే తీసికొనుడు. 1960 నాటి పౌర గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుతోబాటు రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు వసూలగుచున్నది. ఇది ప్రభుత్వపు దానము కాదు. ప్రతి ఇంటివాడును, చదివినను చదువకున్నను, పుస్తకము కొరకు ఇచ్చు సొమ్ము. అది గ్రంథాలయ సంస్థకు సకాలమున చేరుచున్నదా, చేరినచో పుస్తకములుగా మారుచున్నదా యని అడుగుట గ్రంథాలయాభిమానుల మొదటి విధి.

ఇక ఈ గ్రంథాలయము చేయదగిన దేమి? ఇరువదియైదు సంవత్సరములు ఇది ఊరికి లోకమును చూపినది. రానున్న ఇరువదియైదు సంవత్సరములు ఇది ఊరికి ఊరినే చూపవలెను. పోటీపరీక్షలకు చదువు యువకులు నేడు గ్రంథాలయమున ఎక్కువగా కనబడుచున్నారు, అది శుభమే. వారు దేశమందలి నదుల పేర్లన్నియు కంఠస్థము చేయుదురు. తమ ఊరి చెరువు అలుగు ఎటు పారునో వారికి గూడ తెలియునట్లు ఒక బీరువా ప్రత్యేకింపవలెను. అందు ఊరి చెరువులు, వాగులు, శిఖము హద్దులు చూపు పటము. గ్రామసభ తీర్మానముల ప్రతులు. ఏటేటి జమాఖర్చుల పట్టిక. ఊరి పెద్దలు చెప్పిన చరిత్ర. నేతగాండ్రు, కుమ్మరులు, కమ్మరుల పనిముట్ల పేర్లు. మునిగిన గ్రామముల జ్ఞాపకములు ఉండవలెను. ఈ పనికి పండితు లక్కరలేదు. బడిపిల్లలు వేసవి సెలవులలో నోటుపుస్తకము పట్టుకొని అవ్వల కడకు, తాతల కడకు పోయినచో చాలును. ప్రతాపరెడ్డిగారు జాబులు వ్రాసి కవులను కూర్చినట్లు, వీరు ఊరిని కూర్చగలరు.

మరియొక పని. నెలకొక దినము గ్రంథాలయమున పౌరగోష్ఠి జరుపవలెను. ఒక నెల నీరు, ఒక నెల చెరువు, ఒక నెల చెత్త, ఒక నెల బడి. అధికారి వచ్చిన మంచిదే. రాకున్నను గోష్ఠి ఆగరాదు. పక్షములవారు వచ్చినచో పక్షమును చెప్పులతోబాటు వాకిట విడిచి లోనికి రావలెను. స్త్రీలు వచ్చుటకు అనుకూలమైన వేళ నియమింపవలెను. ఏలయన నీటి సంగతియు, చెత్త సంగతియు వారికి తెలిసినంతగా పురుషులకు తెలియదు. గోష్ఠి చివర తీర్మానము ఒక్కటే యుండవలెను. అది మరుసటి నెలలోపల చేయగల పని కావలెను. పది తీర్మానములు చేసి మరచుటకంటె ఒక నల్లాకు చెలువు బిగించుట మేలు.

సిద్దిపేట గూర్చి బయటివారు మెచ్చి వ్రాసినపుడు సంతోషించుట సహజము. కాని బయటివారి మెప్పు వానవంటిది, వచ్చును, పోవును. ఊరివారి శ్రద్ధ చెరువువంటిది. వచ్చిన వానను నిలుపునది అదే. కట్టకు గండి పడకుండ చూచుకొనువాడు, రాత్రివేళ లాంతరు పట్టుకొని తూముకడకు పోవువాడు ఉన్నంతకాలము ఆ చెరువు ఎండదు. అట్టివారి పేర్లు శిలాఫలకములపై ఉండవు. అయినను ఊరు వారివలననే ఊరగును.

ఈ రజతోత్సవ సందర్భమున తొమ్మిదివేల దినములు తలుపు తెరచిన అట్టి చేతులకు నమస్కారము. స్వర్ణోత్సవము నాటికి నేటి బడిపిల్లలు ఈ వేదికపై నిలిచి, ఊరి నీరు చివరి ఇంటికి చేరినదని, చెరువు హద్దు చెదరలేదని, మగ్గము ఆగలేదని, గ్రంథాలయపు తలుపు మూతపడలేదని చెప్పగలుగుదురు గాక!

గ్రంథాలయము వర్ధిల్లుగాక! స్వస్తి.